ఎడమ జేబు, కుడి జేబు

కాలేజీ హాస్టల్,
జూలై మొదటి ఆదివారం

పిన్నీ,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. అమ్మ బాగానే ఉంది, నేనూ వేళకి తింటున్నాను. ఫోను చేతిలో పెట్టుకుని ఈ పిల్లకి ఉత్తరాలేమిటని బాబాయి ఈపాటికి నవ్వుతూ ఉంటాడు. నవ్వనీ. ఇది నా చదువు.

మాకు ఆంత్రోపాలజీ మొదటి పేపరు చెప్పే మేడం ఒక పని పెట్టింది. ఏదైనా వృత్తి కొత్తగా నేర్చుకుంటున్న మనిషిని ఎంచుకుని, ఈ సెమిస్టరంతా వాళ్ళతో ఉత్తరాలు నడపాలి. చివర్లో వాటి మీద ఒక వ్యాసం రాసి, అన్నీ కట్టగట్టి ఇవ్వాలి. "ఫోనులో మనుషులు సర్దుకుని మాట్లాడతారు. కాగితం మీద ఒక్కోసారి చెయ్యి జారుతుంది. నాకు ఆ జారిందే కావాలి" అంది. నా పక్కమ్మాయి డ్రైవింగు నేర్చుకుంటున్న వాళ్ళ మామయ్యని పట్టుకుంది. ఇంకొకడు సెలూన్లో చేరిన స్నేహితుణ్ణి. నాకు వెతుక్కునే పనే లేదు. పదహారేళ్ళు ఆసుపత్రిలో ఆయాగా చేసి, నలభై మూడో ఏట ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు మొదటి సంవత్సరంలో చేరిన మనిషి మా ఇంట్లోనే ఉందంటే క్లాసంతా నోరు తెరిచింది.

రెండు షరతులున్నాయి. ఒకటి, నీ ఉత్తరాల్లో పేషెంట్ల పేర్లు, వార్డు, మంచం నెంబరు ఏవీ రాయకూడదు. మీ ఆసుపత్రి వాళ్ళ పేర్లూ వద్దు. మేడం చదివినా ఎవరు ఎవరో తెలియకూడదు. రెండు, నువ్వేం చెప్పినా నేను తప్పు ఒప్పు అనకూడదు. వినాలి, అడగాలి, అంతే. మా సబ్జెక్టుకి అది ప్రాణంలాంటిదట.

నిన్న చుట్టరికాల పటం వేయించారు. మగవాళ్ళు త్రికోణాలు, ఆడవాళ్ళు సున్నాలు. కొన్ని సమాజాల్లో తల్లి చెల్లెల్ని కూడా తల్లిగానే లెక్కేస్తారని పుస్తకం ఎంతో వింతగా చెబుతోంది. ఇందులో వింతేముందని నాకు నవ్వొచ్చింది. అమ్మ సున్నా పక్కన నీ సున్నా కాస్త పెద్దగా పడింది. కావాలని వెయ్యలేదు.

రాస్తావు కదూ?

నీ పిచ్చుక


ఇల్లు, కుట్టుమిషను పక్కన,
జూలై మూడో వారం

పిచ్చుకా,

మీ బాబాయి నవ్వడం కాదు, "మా ఆవిడ మీద పిల్ల పరీక్ష రాస్తుందట" అని షాపులో జాకెట్ల కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళకల్లా చెప్పుకుంటున్నాడు. నాకు తలెత్తుకోవాలో దించుకోవాలో తెలియడం లేదు.

పేర్లు రాయొద్దన్నావు. అదేం కష్టం కాదే. పదహారేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. "ఏయ్ ఆయా" అంటే వెనక్కి తిరగడం అలవాటైపోయింది.

మా క్లాసు సంగతి చెబుతాను. ముప్ఫై మందిమి. నేను తప్ప అందరివీ నీ వయసులే. మొదటి రోజు నేను గుమ్మంలో అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు, టీచర్నేమో అనుకుని. నేను నోట్సు పట్టుకుని వెనక బెంచీలో కూలబడేసరికి ఒకటే నవ్వు. ఆ రోజు నుంచి నా పేరు మామ్మగారు. ముందు కోపమొచ్చింది. ఇప్పుడు ఎవరైనా మామ్మగారూ అని పిలవకపోతే ఏదో లోటుగా ఉంది.

నెల రోజులు రబ్బరు చేతి మీద సూది గుచ్చాం. తర్వాత ఒకళ్ళ మీద ఒకళ్ళం. ఒక పొడుగు కుర్రాడు తన రక్తం తను చూసుకుని కుర్చీలోంచి జారిపోయాడు. నాకు రక్తం కొత్తేమిటి, నేలమీద తుడిచినదాన్ని. నరం వేలికి తగలగానే తెలిసిపోతుంది. మామ్మగారి సూది నొప్పెట్టదని పేరొచ్చి, పిల్లలందరూ నా ముందే చేతులు చాస్తున్నారు.

మా ల్యాబులో పెద్ద టెక్నీషియన్ ఒకాయన ఉన్నారు. క్షణం అటూ ఇటూ కాకుండా వస్తారు కాబట్టి అందరూ గడియారం గారంటాం, వెనకాల. ఆయన మొదటి రోజే చెప్పారు: "గుచ్చడం ఎవరికైనా వస్తుంది. ట్యూబు మీద ఎవరి పేరుందో ఆ రక్తం వాళ్ళదే అని నమ్మి పైన పనంతా జరుగుతుంది. మీ తర్వాత దాన్ని పట్టుకునే నాథుడు లేడు. పేరు మారితే ఒకళ్ళ రక్తం ఇంకొకళ్ళకి ఎక్కుతుంది, మనిషి పోతాడు. అందుకే ఇక్కడ లేబుల్ తప్పితే సీటు పోయినట్టే. ఇంకోసారి చూద్దాం అనే మాట నా దగ్గర లేదు." ఆ మాటలకి నా అరచేతులు చల్లబడ్డాయి.

మళ్ళీ రాస్తాను. ఒళ్ళు జాగ్రత్త.

పిన్ని


హాస్టల్,
ఆగస్టు 2

పిన్నీ,

నీ ఉత్తరం క్లాసులో చదివాను. నీకు చెప్పకుండా చదివానని కోప్పడకు, మేడమే చదవమంది. పొడుగు కుర్రాడు జారిపోయిన దగ్గర అందరూ పడీ పడీ నవ్వారు.

కానీ మేడం నీ ఉత్తరం పక్కన పెన్సిలుతో ఒక ముక్క రాసింది: "ఈమెకి దేనికో భయం. అరచేతులు చల్లబడ్డాయని రాసి, వెంటనే ఉత్తరం ముగించేసింది. అడుగు." అందుకే అడుగుతున్నాను. నీకు ఆ పనిలో దేనికి భయం? నాకు చెప్పు పిన్నీ. నేను ఏమీ అనను, అనకూడదు కూడా.

పిచ్చుక


ఇల్లు,
ఆగస్టు రెండో వారం

పిచ్చుకా,

మీ మేడం మనిషా, ఎక్స్-రే మిషనా?

సరే, చెబుతాను. నాకు దగ్గరి అక్షరాలు ఆనడం లేదే. రెండేళ్ళయింది. సూదిలో దారం బాబాయే ఎక్కిస్తాడు. చేరేటప్పుడు ప్రిన్సిపాల్ గారు నా కాగితాలు తిరగేసి, "వయసు సడలింపు మీద తీసుకుంటున్నాం. కళ్ళు, చేతులు బాగున్నాయి కదమ్మా?" అన్నారు. భేషుగ్గా ఉన్నాయండీ అన్నాను. ఆ మాట అనేశాక ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టుకుని ఏ మొహంతో వెళ్ళను? అబద్ధం చెప్పి చేరావు, పోయి మళ్ళీ చీపురు పట్టుకో అంటే? ఆ గేటు లోపలికి ఇన్నేళ్ళ తర్వాత చీపురు లేకుండా నడిచి వెళ్తున్నాను. అది పోతుందంటే నాకు ఊపిరాడదు.

అందుకని ఒక ఉపాయం కనిపెట్టాను. అసలు పద్ధతి ఏమిటంటే, మంచం దగ్గరే రక్తం తీసి, పేషెంటు చేతికి కట్టిన పట్టీ చదివి, అక్కడికక్కడే ట్యూబు మీద పేరు రాయాలి. ఆ పట్టీ మీద అక్షరాలు చీమల్లా ఉంటాయి. వార్డులో వెలుతురు అంతంత మాత్రం. నేనేం చేస్తానంటే, పొద్దున్నే వరండా కిటికీ దగ్గర నిలబడి, లిస్టు చేతి దూరంలో పట్టుకుని, ముందే లేబుళ్ళు రాసి ట్యూబులకి అంటించేసుకుంటాను. ఇద్దరిద్దరికి. మొదటి మంచానిది ఎడమ జేబు, రెండో మంచానిది కుడి జేబు. వార్డులోకి వెళ్ళాక కళ్ళతో పనే లేదు. బాబాయి చేత కోటుకి జేబులు లోతుగా కుట్టించుకున్నాను. "ఇందులో ఏం దాస్తావే, ఆసుపత్రినా?" అన్నాడు.

తప్పని నాకు తెలుసు. పదిహేను రోజులుగా ఒక్క పొరపాటూ జరగలేదు. అయినా ప్రతి పొద్దున వరండాలో నా గుండె చప్పుడు నాకే వినిపిస్తుంది. వచ్చే నెల కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళి, ప్రిన్సిపాల్ గారికి చెప్పేద్దామనుకుంటున్నాను. ఏమంటే అననీ.

పిన్ని


హాస్టల్,
ఆగస్టు 21

పిన్నీ! పిన్నీ!

మేడం నీ కోటు బొమ్మ బోర్డు మీద వేసింది. నిజంగా. ఎడమ జేబు, కుడి జేబు, లోపల ట్యూబులు. "పనిచేసే మనిషి శరీరంతో ఎలా ఆలోచిస్తుందో చూడండి. ఏ పాఠంలోనూ లేనిది తనంతట తను కనిపెట్టుకుంది" అని గంటంతా నీ జేబుల మీదే చెప్పింది. నేను రాసే వ్యాసానికి పేరు కూడా కుదిరిపోయింది, నీ జేబుల పేరే. డ్రైవింగు మామయ్య గురించి ఎవరూ పట్టించుకోవడమే లేదు, పాపం నా పక్కమ్మాయి మొహం మాడ్చుకుంది.

ఒకటే కోరిక. ఈ సెమిస్టరు అయ్యేదాకా ఆ పద్ధతి మానకు పిన్నీ. ఇప్పుడు కళ్ళద్దాలు పెట్టేసుకుంటే నా వ్యాసం సగంలో ఆగిపోతుంది. అక్టోబరు దాకా, అంతే. ఇన్నాళ్ళూ నడిచింది కదా.

ఎవరికీ చెప్పనులే. నీ పేరు ఎవరికీ తెలియదు కూడా.

నీ గర్వపడుతున్న పిచ్చుక


ఇల్లు,
సెప్టెంబరు మొదటి వారం

పిచ్చుకా,

బోర్డు మీద నా కోటా! బాబాయికి చెబితే, కుట్టింది తనని కూడా రాయమంటున్నాడు.

సరేలే, అక్టోబరు దాకా చూద్దాం. నా పనిని ఎవరైనా మెచ్చుకోవడం నాకు కొత్త. నాలుగుసార్లు చదువుకున్నాను నీ ఉత్తరం.

మొన్నొకరోజు మెట్లెక్కుతూ చెయ్యి జేబులో పెట్టుకుని, మొదటిది ఎడమలో పెట్టానా, కుడిలోనా అని మర్చిపోయాను. ఒళ్ళంతా చెమట. వెనక్కి కిటికీ దగ్గరికి పరిగెత్తి చూసుకున్నాను. సరిగ్గానే ఉన్నాయి. ఊరికే భయం.

పిన్ని


ఇల్లు,
సెప్టెంబరు 18, సోమవారం

పిచ్చుకా,

ఇది మీ మేడంకి ఇవ్వకు. ఎవరికీ చదివి వినిపించకు. బాబాయికి తెలియదు. మీ అమ్మకి అసలు చెప్పకు.

శనివారం పొద్దున ఇద్దరికి రక్తం తీశాను. ఒకాయన వడ్రంగి, నలభై ఏళ్ళుంటాయి, ఈ శుక్రవారం పదకొండింటికి కడుపులో ఆపరేషన్. రక్తం ఎక్కించాల్సి రావచ్చని గ్రూపు చూడటానికి శాంపిల్ అడిగారు. పక్క మంచం ఆయన ముసలి హెడ్మాస్టరు. రిటైరయ్యారు, చెవులు వినపడవు. ఆయనకి ఏవో మామూలు పరీక్షలు. వడ్రంగి ట్యూబు ఎడమ జేబు, హెడ్మాస్టరుది కుడి. మొదటి మంచం దగ్గరికెళ్ళి వడ్రంగి పేరు చెప్పి, "మీరేనా?" అన్నాను. అవునన్నట్టు తల ఊపాడు. దుప్పటి ముసుగులో ఆయన మొహం సరిగ్గా చూడలేదు. ఎడమ జేబు ట్యూబు నింపాను. రెండో మంచం మనిషి నిద్రలో ఉన్నాడు. మొదటాయన ఒప్పుకున్నాడు కదా, ఇంక ఇతను రెండోవాడే అని అడగకుండానే తీశాను.

ఈ రోజు వార్డుకి వెళ్తే వడ్రంగి రెండో మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఇటు మారారేంటండీ?" అన్నాను. "నేనా? మొన్న శుక్రవారం సాయంత్రమే మారానమ్మా. పెద్దాయనకి కిటికీ గాలి కావాలంటే ఇచ్చేశాను" అన్నాడు, నవ్వుతూ.

శుక్రవారం సాయంత్రం. నేను తీసింది శనివారం పొద్దున.

అంటే నేను తల ఊపించుకున్నది హెడ్మాస్టరు చేత. ఆయన ఏదడిగినా తల ఊపుతాడు, ఏమీ వినపడదు కదా. వడ్రంగి పేరున్న ట్యూబులో ముసలాయన రక్తం ఉంది. ఇద్దరిదీ ఒకటే గ్రూపయితే ఏమీ కాదు. కాకపోతే శుక్రవారం ఆ మనిషికి పడని రక్తం ఎక్కిస్తారు. వార్డు బయట గోడ పట్టుకుని నిలబడ్డాను. గడియారం గారు ఎదురుగా వచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నారు. అప్పుడే చెప్పి ఉండాల్సింది. "ఏం లేదు సార్" అన్నాను.

వడ్రంగి భార్య రోజూ పొద్దెక్కాక వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంటుంది. నాకు టీ పోసిచ్చింది ఈ రోజు. తాగాను. ఎలా తాగానో తెలియదు.

చెబుతాను. చెప్పకుండా ఎలా ఉంటాను? బుధవారం గడియారం గారు తీరిగ్గా ఉంటారు, అప్పుడు చెప్పేస్తాను. నీకు ఫోన్ చెయ్యకుండా ఎందుకు రాస్తున్నానో అడుగుతావు. ఫోన్ చేస్తే ఇప్పుడే వెళ్ళి చెప్పెయ్యి అంటావు. ఉత్తరం చేరడానికి మూడు రోజులు. నాకు ఆ మూడు రోజులు కావాలి. నువ్వు ఇది చదివేసరికి చెప్పేసే ఉంటాను.

అలవాటైపోయి ఇందులో కూడా పేర్లు రాయలేదు చూడు.

పిన్ని


హాస్టల్,
సెప్టెంబరు 22, శుక్రవారం, మధ్యాహ్నం రెండు

పిన్నీ,

నువ్వు ఫోను ఎత్తడం లేదు. మోగి మోగి ఆగిపోతోంది. అందుకే రాస్తున్నాను, ఇది నీకు ఎప్పుడు చేరుతుందో తెలిసి కూడా. చేతులు ఊరికే పెట్టుకుంటే పిచ్చెక్కేలా ఉంది.

నీ ఉత్తరం నిన్న సాయంత్రం నాలుగింటికి నా చేతికొచ్చింది. మెట్ల మీద నిలబడి చదివాను. ముందు నీకు చేశాను, పదకొండుసార్లు. బాబాయికి చేస్తే, "మీ పిన్నికి రెండ్రోజులుగా తలనొప్పమ్మా, పడుకుంది. లేచాక చెయ్యమంటాలే" అన్నాడు. నాకు అర్థమైపోయింది. బుధవారం నువ్వు చెప్పి ఉంటే తలనొప్పని పడుకోవు, నాకు ఫోన్ చేసి ఏడుస్తావు. బాబాయికి చెప్పబోయాను. నువ్వు వద్దన్నావని ఆగిపోయాను.

తర్వాత మీ ఆసుపత్రి ఎంక్వైరీకి చేశాను. రేపు ఆపరేషనున్న ఒక పేషెంటుకి రక్తం శాంపిల్ మారిపోయిందండీ అన్నాను. "పేరేంటమ్మా?" అంది ఆవిడ. తెలియదండీ, వడ్రంగి అన్నాను. "రిజిస్టరులో వడ్రంగులని ఉండదమ్మా, పేర్లుంటాయి. వార్డు ఏది? మంచం నెంబరు?" తెలియదన్నాను. "రేపు ఎనిమిది ఆపరేషన్లున్నాయి. ఎవరని వెతకను? ఈ సంగతి మీకెవరు చెప్పారు, ఆ పేరైనా చెప్పండి" అంది. ఫోను పెట్టేశాను.

నీ పేరు నా నోట్లోనే ఉంది. చెప్పలేకపోయాను. పేర్లు రాయొద్దని నీకు నేర్పింది నేనే. ఆ మనిషి పేరు ఒక్కటి నీ ఉత్తరంలో ఉంటే నీ పేరుతో పని లేకుండా ఆయన్ని కాపాడేదాన్ని. నీ జేబుల్ని మానొద్దన్నదీ నేనే. తప్పు ఒప్పు అనకూడదని మురిసిపోతూ కూర్చున్నాను. క్లాసులో నలభై మందిమి విన్నాం, బోర్డు మీద బొమ్మ చూశాం. ఇది ప్రమాదం అని ఒక్కళ్ళకీ తట్టలేదు. తట్టాల్సింది నాకు. నాకు వ్యాసం కావాలి.

ఈ పొద్దున ఏడింటికి మళ్ళీ చేశాను. ల్యాబుకి కలపమన్నాను. ఒకాయన తీశారు. ఏడు కొట్టేసరికి సీట్లో ఉన్నారంటే గడియారం గారే అయి ఉంటారనుకున్నాను. నీ పేరు చెప్పాను. ఇంటిపేరుతో సహా. శనివారం నువ్వు తీసిన శాంపిళ్ళు రెండు తారుమారయ్యాయని, లేబుళ్ళు ముందే రాసుకుంటావని, నీకు కళ్ళు ఆనవని, అన్నీ చెప్పేశాను. చివర్లో, "నువ్వు ఆవిడకి ఏమవుతావమ్మా?" అన్నారు. కూతుర్ని అన్నాను. ఎందుకలా వచ్చిందో నాకు తెలియదు.

అప్పటి నుంచి ఏమీ తెలియదు. పదకొండు దాటి మూడు గంటలైంది. ఆ వడ్రంగి ఉన్నాడా? గడియారం గారు వినిపించుకున్నారా, లేక ఎవరో పిచ్చిపిల్ల అనుకున్నారా? నువ్వు ఎక్కడున్నావు? నాకు చాలా భయంగా ఉంది పిన్నీ.

ఇంకొకటి కూడా కోస్తోంది నన్ను. నువ్వు ఈ పొద్దున నీ అంతట నువ్వే వెళ్ళి చెప్పేదానివేమో. చెప్పడానికి బయలుదేరే ఉన్నావేమో. నీ నోటితో నువ్వు చెప్పుకుంటే నీకు మర్యాద ఉండేది. అది నేను నీ చేతిలోంచి లాగేసుకున్నానేమో. నన్ను తిట్టు. కానీ ఫోను ఎత్తు.

పిచ్చుక


ఇల్లు,
అక్టోబరు 1

నా తల్లీ,

ఆ మనిషి బతికే ఉన్నాడని బాబాయి నీకు ఆ సాయంత్రమే ఫోన్లో చెప్పాడట. ఆ మాత్రం కూడా నేను చెప్పలేకపోయాను, క్షమించు. బాబాయికి అంతవరకే తెలుసు. మిగతాది నేను రాస్తున్నాను.

వడ్రంగికి, ముసలాయనకి మళ్ళీ రక్తం తీసి చూశారు. ఇద్దరివీ వేరు వేరు గ్రూపులు. నా ట్యూబుని నమ్మి తెప్పించిన రెండు సంచుల రక్తం ఆపరేషన్ గది పక్కన ఫ్రిజ్‌లోకి అప్పటికే చేరింది. గడియారం గారు స్వయంగా వెళ్ళి వెనక్కి తెచ్చారు. ఆపరేషన్ సోమవారానికి మార్చారు. బాగా జరిగింది. మొన్న గంజి తాగాడు.

నా సీటు పోయింది. ప్రిన్సిపాల్ గారు కేకలెయ్యలేదు, వేస్తే బాగుండేది. "సడలింపు ఒక్కసారే ఇస్తారమ్మా. మళ్ళీ ఇప్పించడం నా చేతుల్లో లేదు" అన్నారు. తర్వాత, "కళ్ళద్దాలు పెట్టుకుంటే ఎవరు కాదన్నారు?" అన్నారు. పక్కన గడియారం గారు సోడాబుడ్డి అద్దాలు తుడుచుకుంటున్నారు. ఇన్ని నెలలూ ఆయన మొహం మీదున్న అద్దాలు నాకు కనపడలేదే. భయపడితే మనిషికి ఇంక ఏ కళ్ళూ పనిచెయ్యవు కాబోలు. పిల్లలు గేటు దాకా వచ్చారు. ఆ పొడుగు కుర్రాడు ఏడ్చాడు. ఇప్పుడు షాపులో బాబాయి పక్కన గుండీలు కుడుతున్నాను.

నీ ఉత్తరంలో ఒక మాట నన్ను పడుకోనివ్వడం లేదు. నేనే వెళ్ళి చెప్పేదాన్నేమో, నువ్వు లాగేసుకున్నావేమో అని రాశావు. నువ్వు అలా అనుకుంటూ బతకడానికి వీల్లేదు. నా పరువు కోసం నిన్ను అలా వదిలెయ్యలేను. అందుకే ఇది రాస్తున్నాను.

బుధవారం గడియారం గారి గది ముందు రెండుసార్లు నిలబడ్డాను. లోపలికి వెళ్ళలేదు. గురువారం తలనొప్పన్నాను. శుక్రవారం పొద్దున ఏడుంబావుకి నేను బస్సులో ఉన్నాను. ఆసుపత్రికి వెళ్ళే బస్సు కాదు. మీ అమ్మ దగ్గరికి వెళ్ళే బస్సు. సంచిలో రెండు జతల బట్టలు పెట్టుకున్నాను. పదకొండయ్యేసరికి ఈ ఊళ్ళో ఉండకూడదు, ఏమైందో నా చెవిన పడకూడదు, అంతే నేను ఆలోచించింది. నీ ఫోను మోగుతుంటే ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాను. వడ్రంగి గురించి ఆలోచించలేదు. ఆలోచించానని నీతో అబద్ధం చెప్పలేను.

అప్పుడు గడియారం గారు చేశారు. ఎందుకు ఎత్తానంటే, ఆయనంటే భయం కాబట్టి. నువ్వు చెప్పింది విని శనివారం నేను తీసిన అందరి రక్తాలూ ఆయన అప్పటికే ఆపించేశారు. "ఎవరెవరివమ్మా?" అన్నారు. తిట్టలేదు. ఇద్దరి పేర్లూ చెప్పాను. "ఎక్కడున్నావు?" అన్నారు. బస్సులో అన్నాను. "దిగి రా" అన్నారు. దిగాను. నేను చేసిందల్లా అదొక్కటే.

నిన్న నా సామాను తెచ్చుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళాను. వరండాలో వడ్రంగి భార్య ఎదురైంది. తప్పు చేసిన మనిషే వచ్చి ఒప్పుకుని తన మొగుణ్ణి కాపాడిందని ఎవరో చెప్పారట ఆమెకి. నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చింది. "ఉద్యోగం పోతుందని తెలిసి కూడా చెప్పావు. నువ్వు చల్లగా ఉండాలి తల్లీ" అంది. కాదమ్మా, నేను కాదు అనాలి. అనలేకపోయాను. అంత భయంలోనూ ఆ మాట కమ్మగా ఉందే. ఉంచేసుకున్నాను. ఇంటికొచ్చేదాకా ఉంచుకున్నాను.

అది నాది కాదు. నీకు చేరాల్సింది, నా దగ్గర ఆగిపోయింది. ఆమె ఎలా అందో అలాగే పంపిస్తున్నాను.

నువ్వు చల్లగా ఉండాలి తల్లీ.

పిన్ని